కుకీలన్నీ ఒకే సైజులో రావాలంటే స్కూప్‌ను ఎలా వాడాలి

ట్రే ఒకటే, పిండి ఒకటే, ఓవెన్ ఒకటే. తీరా బయటికి తీసి చూస్తే నాలుగు కుకీలు అంచులు మాడిపోయి ఉంటాయి, రెండు మాత్రం వేలితో నొక్కితే లోపలికి దిగిపోతాయి. ఇంట్లో కుకీలు మొదలుపెట్టిన కొత్తల్లో నాకు వరసగా మూడుసార్లు ఇలాగే అయింది. తప్పంతా ఓవెన్‌దే అనుకున్నాను. ఒకరోజు కాల్చే ముందు పిండి ఉండల్ని ఒక్కొక్కటిగా వెయింగ్ మెషిన్ మీద పెట్టి చూశాను. నా కంటికి అన్నీ ఒకేలా కనబడిన ఆ ఉండల్లో ఒకటి 19 గ్రాములుంది, ఇంకొకటి 34.

కన్ను ఇక్కడ బాగా మోసపోతుంది. 3 సెంటీమీటర్ల ఉండనూ 4 సెంటీమీటర్ల ఉండనూ పక్కపక్కన పెడితే కాస్తంత తేడా అనిపిస్తుంది. బరువులో మాత్రం రెండోది మొదటిదానికి రెండింతలు దాటిపోతుంది. సున్నుండలైతే ఒకటి పెద్దదైనా, ఒకటి చిన్నదైనా ఫరవాలేదు, వాటిని మళ్లీ కాల్చే పని లేదు కదా. కుకీ అలా కాదు. చిన్న ఉండ 9 నిమిషాలకే అయిపోతుంది, పెద్దదానికి 13 నిమిషాలు పడుతుంది. రెండూ ఒకే ట్రేలో ఉంటే ఏ టైముకు తీసినా ఏదో ఒకటి పాడవుతుంది. రెసిపీలో రాసిన టైము మీ ఇంట్లో పనిచేయాలంటే ముందు ఉండలన్నీ ఒకే బరువులో ఉండాలి.

ఇడ్లీ పిండి వేసేటప్పుడు గుంటకు ఒక గరిటె అని లెక్క పెట్టుకుంటాం. గరిటె మారిస్తే ఇడ్లీ సైజు మారుతుందని ఎవరూ చెప్పక్కర్లేదు. కుకీలకు స్కూప్ అలాంటి గరిటే. తేడా ఏంటంటే, పిండి జిగురుగా ఉంటుంది కాబట్టి దాన్ని స్కూప్ గిన్నెలోంచి తోసెయ్యడానికి లోపల ఒక సన్నని రేకు ఉంటుంది. పిడి నొక్కగానే ఆ రేకు అటునుంచి ఇటు తిరిగి ముద్దను ఊడదీస్తుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఆల్ఫ్రెడ్ క్రాల్ అనే నల్లజాతి యువకుడు 1897లో ఇలాంటి ఐస్‌క్రీం స్కూప్‌కు పేటెంట్ తీసుకున్నాడు. చెంచాకు అంటుకున్న ఐస్‌క్రీంను ఊడదీయడానికి రెండు చేతులూ వాడాల్సి రావడం చూసి, ఒక్క చేత్తో అయ్యేలా దాన్ని తయారుచేశాడు. ఈరోజు మన చేతిలో ఉన్న కుకీ స్కూప్ పనిచేసేదీ అదే సూత్రం మీద.

ఏ సైజు కొనాలి

అమెరికా రెసిపీల్లో ‘40వ నంబర్ స్కూప్’, ‘60వ నంబర్ స్కూప్’ అని రాస్తారు. అక్కడున్న మనవాళ్లు పంపే రెసిపీల్లోనూ ఇదే కనిపిస్తుంది. ఆ నంబర్ అంటే ఒక క్వార్ట్‌కు, అంటే దాదాపు 946 మిల్లీలీటర్లకు, ఎన్ని స్కూపులు వస్తాయన్న లెక్క. అందుకే నంబర్ పెరిగేకొద్దీ స్కూప్ చిన్నదవుతుంది. 60 నంబర్‌లో సుమారు 16 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే ఒక టేబుల్ స్పూన్. 40లో 24 మిల్లీలీటర్లు, ఒకటిన్నర టేబుల్ స్పూన్. 20 నంబర్‌లో 47 మిల్లీలీటర్లు, అది బేకరీలో అమ్మే పెద్ద కుకీ సైజు.

మన దగ్గర దొరికే చాలా స్కూపుల మీద నంబర్ ఉండదు, సెంటీమీటర్లు మాత్రమే రాస్తారు. అలాంటప్పుడు స్కూప్ గిన్నె లోపలి వెడల్పు స్కేలుతో కొలవండి. సరైన అరగోళం అయితే 4 సెంటీమీటర్లున్నది టేబుల్ స్పూన్‌కు దగ్గర, నాలుగున్నర ఉన్నది ఒకటిన్నర టేబుల్ స్పూన్, 5 ఉంటే రెండు టేబుల్ స్పూన్లు దాటుతుంది. నమ్మకం కుదరకపోతే స్కూప్ నిండా పంచదార పోసి, పైన చాకుతో చదును చేసి, కొలత చెంచాల్లోకి ఒంపి చూడండి. నీళ్లతో కొలవకండి, రేకు తిరిగే సందుల్లోంచి కారిపోతాయి.

ఒక్కటే కొనాలంటే నాలుగున్నర సెంటీమీటర్లది కొనండి. మన ఇళ్లలో ఉండే చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్) ట్రేకు ఆ సైజే అన్నివిధాలా కుదురుతుంది. స్టీలుదే తీసుకోండి. పిడి రెండు కొమ్మల్లా ఉండి రెండూ కలిపి నొక్కేవి, బొటనవేలితో మీట నొక్కేవి అని రెండు రకాలున్నాయి. రెండు డజన్ల కుకీలు వేసేసరికి మీట రకంతో బొటనవేలు లాగేస్తుంది. నాకు మొదటి రకమే నచ్చింది. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకు కూడా అదే సులువు.

పిండి

ఈ స్కూప్‌తో 22, 23 కుకీలు వచ్చే కొలత చెబుతాను. ఉప్పు లేని వెన్న 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 100, మామూలు పంచదార 50, గుడ్డు ఒకటి, మైదా 110, గోధుమపిండి 60, వంటసోడా అర టీస్పూన్, ఉప్పు పావు టీస్పూన్, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూన్, చాక్లెట్ చిప్స్ 150 గ్రాములు. బ్రౌన్ షుగర్ లేకపోతే మెత్తటి బెల్లం పొడి జల్లించి వేయండి. గుడ్డు వాడనివాళ్లు బదులుగా మూడు టేబుల్ స్పూన్ల పాలు పోయవచ్చు. అప్పుడు కుకీ కాస్త తక్కువగా పరుచుకుంటుంది, అంతే.

వెన్నను ‘రూం టెంపరేచర్’లో ఉంచమని ప్రతి రెసిపీలోనూ రాస్తారు. ఆ మాట చలి దేశాల వంటిళ్లకు సరిపోతుంది. ఏప్రిల్‌లో విజయవాడ వంటింట్లో ఒక గంట బయట పెడితే వెన్న నూనెలా జారిపోతుంది. ఎండాకాలం ఫ్రిజ్‌లోంచి తీసిన పావుగంట, ఇరవై నిమిషాలకే పని మొదలుపెట్టండి. వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ వేలికి జిడ్డు కారకూడదు. అదీ గుర్తు.

వెన్న, పంచదార, బ్రౌన్ షుగర్ కలిపి రెండు మూడు నిమిషాలు గిలక్కొట్టండి. గుడ్డు, వెనిలా వేసి కలపండి. పిండ్లు, సోడా, ఉప్పు కలిపి జల్లించి వేసి, పొడి కనబడకుండా పోయేవరకు మాత్రమే గరిటెతో కలపండి. చివర చిప్స్. పిండి వడల పిండి కంటే గట్టిగా, చపాతీ పిండి కంటే మెత్తగా ఉండాలి. గరిటె మధ్యలో నిలబెడితే పడిపోకుండా నిలబడాలి.

చిప్స్ బదులు జీడిపప్పు, బాదం వేస్తే మాత్రం శనగబద్ద సైజుకు తరగండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, స్కూప్ పాడయ్యేది ఇక్కడే. సగం జీడిపప్పు బద్ద రేకుకీ గిన్నెకీ మధ్య అడ్డుపడిందంటే పిడి కదలదు. బలంగా నొక్కితే రేకు వంగిపోతుంది. ఒకసారి వంగిన రేకు మళ్లీ గిన్నెను ఆనుకుని తిరగదు, పిండి సగం లోపలే ఉండిపోతుంది. ఎప్పుడైనా పిడి బిగిస్తే నొక్కడం ఆపి, చెంచా వెనకవైపుతో పిండిని తీసేసి, అడ్డుపడిన ముక్కను తొలగించి మళ్లీ మొదలుపెట్టండి.

ముందు స్కూప్, తర్వాత ఫ్రిజ్

ఇది చాలామంది తలకిందులుగా చేస్తారు. పిండిని గిన్నెతో సహా గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక స్కూప్ దింపుతారు. వెన్న గడ్డకట్టిన పిండి రాయిలా ఉంటుంది. స్కూప్ సగమే నిండుతుంది, పిడి మీద బలం పడి స్ప్రింగు వదులవుతుంది. పిండి మెత్తగా ఉన్నప్పుడే ఉండలన్నీ తీసేసుకుని, ఆ ఉండల్ని చల్లబరచడం మంచిది. బొబ్బట్లకు పూర్ణం ఉండలన్నీ ముందే చేసి పళ్లెంలో పెట్టుకుంటాం చూడండి, అచ్చం అలాగే.

మరీ ఎండగా ఉండి పిండి జారుతుంటే పది నిమిషాలు మాత్రం గిన్నెను ఫ్రిజ్‌లో ఉంచి తీయండి. అంతకంటే ఎక్కువ వద్దు.

చేయి ఎలా తిరగాలి

స్కూప్ చేతిలో ఉన్నంత మాత్రాన ఉండలన్నీ సమానంగా రావు. అది ఇచ్చేది కొలత మాత్రమే. ప్రతిసారీ ఒకేలా నింపాల్సింది మీరే. ఒకసారి గోపురంలా పైకి నింపి, ఒకసారి తలగొట్టి, ఒకసారి లోపల గాలి ఖాళీ వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

లోతుగా, ఎత్తయిన అంచులున్న గిన్నె తీసుకోండి. స్కూప్‌ను పిండి మధ్యలో గుచ్చకండి. గిన్నెకు అవతలి వైపున పిండిలోకి దించి, అడుగు మీదుగా మీవైపు లాక్కుంటూ రండి. ఇవతలి గోడ దగ్గరకు వచ్చాక పిండిని గోడకేసి ఒకసారి నొక్కండి. ఈ నొక్కుడుతో లోపలి ఖాళీలు పూడుకుంటాయి. ఆ తర్వాత స్కూప్ నోటిని గిన్నె గోడకే ఆనించి పైకి జరుపుతూ అంచు దాటించండి. పైన ఎక్కువైన పిండి గిన్నె అంచుకు తెగి కిందే పడిపోతుంది. స్కూప్ నోరు చదునుగా, తలగొట్టిన మానికలా ఉండాలి. చుట్టూ వేలాడే పిండి ఉంటే వేలితో తుడిచేయండి.

ఇప్పుడు పళ్లెం మీద చదును వైపు కిందికి వచ్చేలా స్కూప్‌ను బోర్లించి, పళ్లేనికి దాదాపు ఆనించి పిడి నొక్కండి. పైనుంచి వదిలితే ఉండ ఒకపక్కకు ఒరిగిపోతుంది, కాల్చాక కుకీ కోలగా వస్తుంది. అడుగు చదునుగా, పైన గుండ్రంగా కూర్చున్న ఉండ అన్నివైపులా సమానంగా పరుచుకుంటుంది.

మొదటి మూడు ఉండలు తప్పకుండా తూచండి. వెయింగ్ మెషిన్ మీద చిన్న పళ్లెం పెట్టి, సున్నా చేసి, ఒక్కొక్క ఉండా పెట్టి చూడండి. పై కొలతలో నాలుగున్నర సెంటీమీటర్ల స్కూప్‌కు 28 గ్రాముల దగ్గర వస్తుంది. మూడింటికీ మధ్య రెండు గ్రాముల తేడా వరకు ఫరవాలేదు, ట్రేలో అది తెలియదు. అంతకు మించి తేడా వస్తే మీ చేయి ఒకలా తిరగడం లేదన్నమాట. ఎక్కువ వచ్చినదాన్ని తీసి గిన్నెలో పడేసి మళ్లీ వేయండి. మూడు కుదిరాక చేతికి అలవాటైపోతుంది, ఆ తర్వాత ప్రతి ఉండా తూచే పని లేదు. పిండి అయిపోవచ్చేటప్పుడు మాత్రం మళ్లీ జాగ్రత్త. గిన్నె అడుగున పిండి పలచబడి స్కూప్ నిండదు. రబ్బరు గరిటెతో అంతా ఒకపక్కకు కుప్ప చేసి, చెంచాతో స్కూప్‌లోకి నింపుకోండి. చివర మిగిలే సగం ఉండను ట్రేలో పెట్టకండి. దాని సంగతి కింద చెబుతాను.

ఐదారు ఉండలు వేశాక పిండి రేకు వెనక పేరుకుంటుంది. అక్కడినుంచి ప్రతి ఉండా ఒక గ్రాము, రెండు గ్రాములు తగ్గుతూ పోతుంది. పక్కన గోరువెచ్చని నీళ్ల గ్లాసు, శుభ్రమైన గుడ్డ పెట్టుకోండి. స్కూప్‌ను నీళ్లలో ముంచి రేకును రెండుసార్లు ఆడించి, గుడ్డతో పూర్తిగా తుడిచి మళ్లీ మొదలుపెట్టండి. తడి మిగిలితే ఉండ పైన నీళ్లు అంటి, కుకీ మీద మచ్చలా కనబడుతుంది.

ఉండలు పెట్టిన పళ్లెంపై మూత వేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. ఎందుకంటే, ఓవెన్‌లో వెన్న కరిగి పిండి పరుచుకోవడం ఒకవైపు, పిండి గట్టిపడి నిలబడడం ఇంకోవైపు, రెండూ పోటీపడతాయి. చల్లటి ఉండలో వెన్న ఆలస్యంగా కరుగుతుంది, ఆలోగా అంచు నిలబడుతుంది. ఉండలన్నీ ఒకే బరువులో ఉండి, ఒకే చల్లదనంలో ఉంటేనే ఒకే వెడల్పుకు వస్తాయి. నాలుగు ఫ్రిజ్‌లోంచి, నాలుగు బయటి పళ్లెంలోంచి తీసి ఒకే ట్రేలో పెట్టకండి.

కాల్చడం

ఓటీజీని పైన, కింద రెండు రాడ్లూ వేసి 175 డిగ్రీల దగ్గర పావుగంట ముందే వేడెక్కించండి. ట్రే మీద పార్చ్‌మెంట్ పేపర్, అంటే ఓవెన్ వేడిని తట్టుకునే కాగితం, వేయండి. బటర్ పేపర్ అని అమ్మేదంతా ఓవెన్‌కు పనికిరాదు. రొట్టెలు, స్వీట్లు చుట్టడానికి వాడే పల్చటి కాగితం వేడికి అంటుకుపోతుంది. ప్యాకెట్ మీద ఎన్ని డిగ్రీల వరకు తట్టుకుంటుందో చూసి కొనండి.

ఇప్పుడు ఆ మిగిలిన సగం ఉండ సంగతి. మొదటి ట్రే పెట్టే ముందు దాన్ని ఒక్కదాన్నే చిన్న కాగితం మీద పెట్టి, ఏడెనిమిది నిమిషాలు కాల్చి చూడండి. మరీ పల్చగా పారితే మిగతా ఉండల్ని ఇంకో అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. అసలు కదలకుండా ఉండలానే ఉండిపోతే పెట్టే ముందు ప్రతి ఉండనూ గ్లాసు అడుగుతో ఒకేలా కాస్త నొక్కాలి. ఒక సగం ఉండతో 22 కుకీల టెన్షన్ తీరిపోతుంది.

ఉండల మధ్య 5 సెంటీమీటర్ల దూరం వదలండి. ఓటీజీ చిన్నదైతే ఒక ట్రేకు ఎనిమిదే పడతాయి. మూడు, రెండు, మూడు వరసలుగా సందుల్లోకి వచ్చేలా పెట్టండి. ఇంకో రెండు ఇరికిద్దాం అనిపిస్తుంది, వద్దు. కలిసిపోయిన కుకీలను విడదీస్తే ఆ అంచులు మెత్తగా, తెల్లగా మిగులుతాయి.

మొత్తం 11 నుంచి 13 నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో ట్రేను వెనకది ముందుకు వచ్చేలా తిప్పండి. ఇంటి ఓవెన్లు అన్నివైపులా ఒకేలా కాలవు. ఉండలన్నీ ఒకే బరువులో ఉన్నాయి కాబట్టి మీ ఓవెన్‌లో ఏ మూల ఎక్కువ కాలుతుందో ఇప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. ఇంతకుముందు అది పిండి తప్పో, ఓవెన్ తప్పో తెలిసేది కాదు. మా దానిలో వెనక కుడిమూల ఎక్కువ కాలుతుంది. అది తెలిసినప్పటినుంచి అక్కడ ఉండ పెట్టడం మానేశాను.

అంచులు బంగారు రంగుకు తిరిగి, మధ్య ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీసేయండి. తీసిన వెంటనే, అర నిమిషంలోపు, కుకీ కంటే కాస్త వెడల్పైన గ్లాసును దాని మీద బోర్లించి గుండ్రంగా రెండుసార్లు తిప్పండి. వంకరగా పారిన అంచు లోపలికి సర్దుకుని చక్కటి గుండ్రం వస్తుంది. చల్లారితే ఇది కుదరదు, విరిగిపోతుంది. ఐదు నిమిషాలు ట్రేలోనే వదిలేసి, తర్వాత జాలీ స్టాండు మీదకు మార్చండి.

రెండో వాయికి ట్రే పూర్తిగా చల్లారాలి. వేడి ట్రే మీద ఉండ పెట్టగానే ఓవెన్‌లోకి వెళ్లకముందే అడుగున వెన్న కరగడం మొదలవుతుంది. మొదటి వాయి చక్కగా వచ్చి రెండోది పల్చగా పారిందంటే కారణం చాలావరకు ఇదే. ట్రే కాస్త ఆరాక కుళాయి కింద పెట్టి, తుడిచి వాడండి.

స్కూప్ ఇంట్లో లేకపోతే

పిండి మొత్తం తూచి, ఎన్ని కావాలో అన్నింటితో భాగించండి. 640 గ్రాములకు 23 కుకీలు అంటే ఒక్కొక్కటి 28 గ్రాములకు కాస్త తక్కువ. కొలత టేబుల్ స్పూన్‌తో తలగొట్టి ఒకటిన్నర చొప్పున తీసినా సరిపోతుంది, కాకపోతే ఆలస్యం. నాన్‌ఖటాయ్ లాంటి నెయ్యి పిండికి స్కూప్ కొలతకు మాత్రమే వాడి, తర్వాత అరచేతుల మధ్య గుండ్రంగా చుట్టాలి. లేకపోతే స్కూప్ గీతలు పైన అలాగే కనబడతాయి. రాగిపిండి, జొన్నపిండి కుకీలకు మాత్రం స్కూప్ చేతికంటే మేలు. ఆ పిండి చేత్తో చుడితే పొడిపొడిగా రాలుతుంది, స్కూప్‌లో నొక్కితే ముద్దగా నిలుస్తుంది.

పని అయ్యాక స్కూప్‌ను సింకులో రాత్రంతా వదిలేయకండి. వెన్న, పంచదార రేకును తిప్పే పళ్లచక్రంలో గట్టిపడితే మర్నాడు పిడి కదలదు. వేడి సబ్బునీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో రేకు వెనక, స్ప్రింగు దగ్గర రుద్ది, పూర్తిగా ఆరబెట్టండి.

ఒకేసారి అన్నీ కాల్చేయాలనీ లేదు. ఉండల్ని పళ్లెంలో విడివిడిగా రెండు గంటలు ఫ్రీజర్‌లో ఉంచి, గట్టిపడ్డాక గాలి చొరబడని డబ్బాలో వేసుకుంటే రెండు నెలలు బాగుంటాయి. చుట్టాలు వచ్చినరోజు ఆరు తీసి, కరగబెట్టకుండానే ట్రేలో పెట్టి, రెండు నిమిషాలు ఎక్కువ కాలిస్తే చాలు. డబ్బా మీద తేదీ, బరువు, డిగ్రీలు, నిమిషాలు రాసి అంటించండి. మా ఫ్రీజర్‌లో ఉన్న డబ్బా మీద ‘28 గ్రా., 175, 14 ని., వెనక కుడిమూల వద్దు’ అని ఉంటుంది. ఇంట్లో ఎవరు కాల్చినా నన్ను అడగక్కర్లేదు.